పెరట్లో పడున్న తెరచాప పడవ



అమెరికాలో మార్చి నెల దాటిందంటే పాత తెరచాప పడవలు అమ్మకానికి రావడం మొదలవుతుంది. కొన్నిటికి వెయ్యి డాలర్లంటారు, కొన్నిటికి అయిదొందలంటారు. మరికొన్నిటికి ధరే ఉండదు. ట్రైలర్‌తో సహా పట్టుకుపోండి, పైసా ఇవ్వక్కర్లేదంటారు. ఉచితమన్న మాట వినగానే మనలో చాలామందికి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట అనేవాడి లెక్క వేరు. ఫైబర్‌గ్లాస్ మట్టిలో కలిసేది కాదు. ఇరవై రెండడుగుల పడవను కోయించి చెత్తకు పంపాలంటే ఎదురు డబ్బు కట్టాలి. అంచేత ఆయన మనకు కానుకేమీ ఇవ్వడం లేదు, తన బరువు మన నెత్తికెత్తుతున్నాడు.

ఇంత చెప్పి కూడా కొనుక్కోమనే అంటాను. డాలస్ దగ్గర నేనూ అలాంటిదాన్నే కొని, బాగుచేసుకుని, దాని మీదే తెరచాప పట్టడం నేర్చుకున్నాను. కాకపోతే ఇలా కొన్న పడవల్లో చాలా వాటికి రెండోసారి కూడా నీళ్లు తగలవు. ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి మారతాయంతే. దానికి కారణం డబ్బు చాలకపోవడమో ఓపిక లేకపోవడమో అనుకుంటారు. నేను చూసినంతలో పనులు తలకిందులుగా మొదలుపెట్టడమే అసలు కారణం. ముందు పరుపులు కుట్టిస్తారు, చెక్కకు వార్నిష్ వేస్తారు, పడవకు పేరు రాయిస్తారు. నీళ్లు లోపలికొచ్చే దారి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అసలు ఇన్ని పడవలు ఎక్కణ్ణించి వచ్చాయంటే, 1960ల చివర్లో ఫైబర్‌గ్లాస్ చవకగా దొరికి, కొత్త రహదారులు పడి, మధ్యతరగతి కుటుంబాలు కారు వెనక పడవ కట్టుకుని సరస్సులకు బయల్దేరాయి. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ అనే ఆయన 1969లో క్యాటలీనా 22 అనే పడవ తయారుచేశాడు. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు, వెడల్పు ఏడడుగుల ఎనిమిది అంగుళాలు. ఆ వెడల్పు ఊరికే పెట్టింది కాదు. ఎనిమిదడుగులు దాటితే రోడ్డు మీద ప్రత్యేక అనుమతి కావాల్సిన కాలమది. అడుగున కీల్ అనే ఇనప పలక ఉంటుంది. దాన్ని పైకి లాగితే రెండడుగుల నీళ్లు చాలు, కిందికి దింపితే అయిదడుగులు కావాలి. పైకి లాగి ట్రైలర్ మీదికెక్కించుకోవచ్చు, నడి సరస్సులో దింపుకుని గాలికి ఎదురు నిలవవచ్చు. ఈ ఒక్క రకమే పదిహేను వేలకు పైగా తయారైంది. రోజర్ మెక్‌గ్రెగర్ చేసిన వెంచర్ పడవలు, ఓ'డే కంపెనీ పడవలు ఇవి కాక.

వాటిని ముప్ఫయ్యేళ్ల వయసులో కొన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై. తెరచాప కట్టే మాస్ట్ అనే స్తంభాన్ని లేపే ఓపిక లేదు. పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. పడవ మటుకు ఏదో చెట్టు కింద, చిరిగిన నీలం టార్పాలిన్ కింద ఉండిపోయింది.

గోదావరి మీద, కాలవల మీద తెరచాప పడవలు చూసి పెరిగినవాళ్లకు చెక్క పడవ సంగతి తెలుసు. కుళ్లితే కుళ్లినట్టు కనిపిస్తుంది, వేలితో నొక్కితే దిగుతుంది. ఫైబర్‌గ్లాస్ పడవ అలా బయటపడదు. పైన తళతళలాడుతూనే లోపల చెడిపోతుంది. కాబట్టి చూడ్డానికి వెళ్లేటప్పుడు పాత బట్టలు కట్టుకుని, టార్చిలైటు పట్టుకుని వెళ్లండి.

ముందు కాగితాలు. పడవ వెనక భాగంలో, కుడివైపు పైన, పన్నెండు అక్షరాలూ అంకెల వరస ఒకటి అచ్చయి ఉంటుంది. 1972 నవంబరు తర్వాత తయారైన ప్రతి పడవకూ అది ఉండాలని చట్టం. మొదటి మూడక్షరాలు తయారీదారువి, చివరి అంకెల్లో తయారైన సంవత్సరం ఉంటుంది. ఆ వరసా, అమ్మేవాడి చేతిలో ఉన్న టైటిల్ అనే యాజమాన్య పత్రంలోని వరసా ఒక్కటి కాకపోతే ఆ పడవ వద్దు. టెక్సస్‌లో పడవ కాగితాలు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చూస్తుంది. ట్రైలర్ కాగితాలు కార్ల రిజిస్ట్రేషన్ చేసే శాఖలో. రెండూ వేరని తెలియక ట్రైలర్‌ను వదిలేసేవాళ్లు చాలామంది. తర్వాత నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ట్రైలర్ అంటే సగం పడవని నా అభిప్రాయం. టైరు మీద గీతలు బాగున్నాయి కదా అని మోసపోకండి. టైరు పక్క గోడ మీద చివర నాలుగంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015లో ఇరవై మూడో వారంలో తయారైందని. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండకు బీటలిచ్చి పోతాయి. పదేళ్ల టైర్ల మీద ఒక టన్ను పడవను హైవే ఎక్కించే ధైర్యం ఎవరూ చెయ్యకూడదు. చక్రాల బేరింగులు తీసి, కడిగి, కొత్త గ్రీజు పెట్టకుండా పక్క వీధికి కూడా లాగొద్దు. ఇంకో మాట. పడవ, ట్రైలర్, లోపలి సామాను కలిపి దగ్గర దగ్గర 3,500 పౌండ్లు, అంటే 1,600 కిలోలు తూగుతుంది. మన ఇళ్లలో ఉండే మినీవ్యాన్లలో చాలావాటికి లాగే పరిమితి సరిగ్గా అంతే. అదీ హిచ్, అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ అన్నీ అమర్చి ఉంటేనే. పిల్లలు, మంచినీళ్ల సీసాలు, పులిహోర డబ్బాలు ఎక్కాక ఆ లెక్క దాటిపోతుంది. స్నేహితుడి ట్రక్కు అడగడానికి మొహమాటపడకండి.

ఇక పడవ సంగతి. నన్నడిగితే మొదటి పని కీల్. క్యాటలీనాలో అది 550 పౌండ్ల పోత ఇనుము, పావు టన్ను. ముందు చివరన ఒక పిన్ను మీద వేలాడుతుంది. వెనక చివరను ఒక తీగ కేబుల్ పైకి లాగుతుంది. ఆ కేబుల్ పడవ పొట్టలోంచి ఒక రబ్బరు గొట్టం ద్వారా పైకొచ్చి, మెట్టు కింద ఉన్న విన్చ్ అనే చుట్టే చక్రానికి చుట్టుకుంటుంది. ఇప్పుడు ఆలోచించండి. కేబుల్ తెగితే పావు టన్ను ఇనుము ఒక్కసారిగా కిందికి ఊగుతుంది. ఆ దెబ్బ పడేది పడవ పొట్ట మీద. ఇక ఆ రబ్బరు గొట్టం అటువైపు తెరుచుకునేది నేరుగా సరస్సులోకి. గొట్టం చిరిగితే ఆపడానికి కొళాయి ఏదీ లేదు. నలభయ్యేళ్లనాటి గొట్టం అక్కడే ఉంటే, కొత్త తెరచాపల గురించి మాట్లాడుకోవడం దండగ. కేబుల్, గొట్టం, దాని బిగింపులు అన్నీ కలిపి ఖర్చు వంద, రెండొందల డాలర్లలోపు. కేబుల్ పాతదా కొత్తదా అని అనుమానించడం కంటే మార్చెయ్యడమే సుఖం.

కీల్‌ను కిందికి దించి పిన్ను కూడా చూడాలి. పిన్ను అరిగి, చుట్టూ కంత పెద్దదైతే పడవ నిలిచి ఉన్నప్పుడు కూడా లోపల టక్కుటక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. దింపే పనికి మాత్రం సొంత తెలివి వాడకండి. పడవను గట్టి స్టాండ్ల మీద ఎత్తాలి, కింద జాకీ పెట్టాలి, తల గానీ చెయ్యి గానీ ఆ ఇనుము కిందికి పోకూడదు. ఈ ఒక్క పనికి బోట్‌యార్డుకు డబ్బిచ్చినా తప్పులేదు. తుప్పు గీకిన ఇనుముకు కొన్ని గంటల్లోనే మళ్లీ తుప్పు వస్తుంది. అందుకే గీకిన పూటే ఎపాక్సీ పూత పడాలి. అన్నీ సరిచేశాక, మంచి గాలిలో పడవ వేగం అందుకున్నప్పుడు ఆ కేబుల్ సన్నగా మోగుతుంది. కొత్తవాళ్లు కంగారుపడతారు. అదేం జబ్బు కాదు, ఆ పడవ స్వభావం.

కీల్ తర్వాత రంధ్రాలు. సింకు నీళ్లు పోయే చోట, మనం కూర్చునే కాక్‌పిట్ నీళ్లు పోయే చోట పడవకు రంధ్రాలు చేసి వాల్వులు పెట్టి ఉంటారు. ఆనాటి పడవల్లో ఇవి తరచుగా ఇళ్లలో వాడే ఇత్తడి వాల్వులే. నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, చూడ్డానికి గట్టిగా ఉన్న వాల్వు చేతితో తిప్పగానే విరిగొస్తుంది. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం రంధ్రం పడితే నిమిషానికి నలభై లీటర్లకు తక్కువ కాకుండా నీరు లోపలికొస్తుంది. చేదతో ఎంతోసేపు తోడలేం. కంచు వాల్వులు వేయించండి. నేనైతే సింకు రంధ్రాన్నే శాశ్వతంగా పూడ్చేశాను. పగటిపూట నాలుగు గంటలు తిరిగొచ్చే పడవలో సింకెందుకు?

మూడోది డెక్, అంటే పడవ పైకప్పు. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ గానీ బల్సా చెక్క గానీ పెట్టి డెక్ చేస్తారు, తేలిగ్గా, బిర్రుగా ఉండడానికి. కమ్ముల కోసం, కొక్కేల కోసం దానికి బోల్టులు బిగించిన ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు తడి దిగుతుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలా స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ పోండి. ఖంగుమన్నచోట బాగుంది, మొద్దుగా పలికిన చోట లోపల చెక్క నానింది. ఆ మొద్దు శబ్దం మాస్ట్ అడుగునా, దాన్ని నిలబెట్టే తీగలు బిగించే చోటా వస్తే బేరం వదులుకోండి. మామూలు నడక దారిలో అరచేయంత మేర వస్తే భయం లేదు, బాగుచేసుకోవచ్చు.

బాగుచేయడానికి వాడేది ఎపాక్సీ. బోల్టు రంధ్రాన్ని కావలసినదానికంటే పెద్దది చేసి, నానిన చెక్కను తవ్వి తీసి, బాగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సన్నటి రంధ్రం చేసుకుంటే ఇక తడి చెక్కను తాకదు. ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ పాళ్లు కచ్చితంగా ఉండాలి. అమెరికాలో ఎక్కువమంది వాడే వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌కు 205 హార్డెనర్ అయిదుకు ఒకటి. కంటికొలత పనికిరాదు. తొందరగా ఎండాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే సరిగ్గా గట్టిపడదు. కలిపిన గిన్నె నిండుగా ఉంటే దానంతటదే వేడెక్కి పొగలొస్తుంది కూడా. డాలస్ జూలై మధ్యాహ్నంలో ఇది నిమిషాల మీద జరుగుతుంది. అందుకే నిదానంగా ఎండే 206 హార్డెనర్ తీసుకుని, తెల్లవారుజామునే, వెడల్పాటి పళ్లెంలో కొద్దికొద్దిగా కలుపుకోవాలి. పాలిష్ కాగితంతో రుద్దేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా సరైన మాస్కు పెట్టుకోండి, ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు. అడుగున వేసిన పాత రంగులో రాగి, ఇంకా పాతదైతే తగరం విషాలు ఉండవచ్చు. దాన్ని పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

ఎక్కడ చేస్తారన్నదీ ఆలోచించాలి. ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్లుండే కాలనీల్లో ఇంటిముందు పడవ నిలబెట్టడానికి చాలా కాలనీ సంఘాలు ఒప్పుకోవు. రెండో రోజుకే ఉత్తరం వస్తుంది. నెల అద్దెకు జాగా ఇచ్చే యార్డులున్నాయి. ఆ అద్దె పడవ ధరలో కలుపుకుని లెక్క చూసుకోండి. ఎక్కడ పెట్టినా కందిరీగలు మాస్ట్‌లో, తెరచాప అడుగున ఉండే బూమ్ గొట్టంలో మట్టి గూళ్లు కడతాయి, తాళ్లు ఎక్కించేముందు అవి రాల్చి చూడాలి.

ఆ తర్వాత మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగలు. ఒక పాత నూలుగుడ్డ పట్టుకుని తీగ పొడవునా లాగండి. ఎక్కడైనా దారం తగులుకుంటే అక్కడ ఒక పోగు తెగిందన్నమాట. ఒక్క పోగు తెగినా ఆ తీగ పని అయిపోయింది. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన తీగలను ఏమీ కనిపించకపోయినా మార్చడం మంచిది. ఈ సైజు పడవకు మొత్తం సెట్టు కొన్ని వందల డాలర్లే. తెరచాపలు పాతవైతే ఆకారం పోయి సంచీలా ఉబ్బుతాయి. అయినా మొదటి సీజను వాటితోనే నెట్టుకురండి. మెయిన్‌సెయిల్ అనే పెద్ద తెరచాప కొత్తది ఒక్కటే మీ పడవ ధరను మించిపోవచ్చు. ఒక్కటి మాత్రం చూడండి, గాలి ఎక్కువైనప్పుడు తెరచాపను కొంత దించి కట్టుకునే రీఫ్ కళ్లు దానికున్నాయా లేదా అని. టెక్సస్ వసంతంలో దక్షిణ గాలి ఎలా వీస్తుందో అక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. లేకపోతే తెరచాపలు కుట్టేవాడి దగ్గర పెట్టించుకోండి.

ఇక్కడ ఒక ప్రాణభయమున్న సంగతి చెప్పాలి. క్యాటలీనా మాస్ట్ ఇరవై అయిదడుగుల అల్యూమినియం గొట్టం. పార్కింగు స్థలంలో దాన్ని లేపేముందు, లేపాక పడవను రేవు వైపు లాగేముందు, తలెత్తి పైకి చూడాలి. కరెంటు తీగల కిందనుంచి మాస్ట్ నిలబెట్టిన పడవను లాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. హోబీ కంపెనీ తన చిన్న పడవల మాస్ట్ పైభాగాన్ని అల్యూమినియం నుంచి కరెంటు పారని పదార్థానికి మార్చింది అందుకే. మన పాత పడవలకు అలాంటి రక్షణ లేదు, మన కళ్లే ఉన్నాయి.

మోటారు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అయిదారు గుర్రాల అవుట్‌బోర్డ్ చాలు. పాత పెట్రోలు పారబోసి, కార్బురేటర్ కడిగించి, నీళ్లు తోడే రబ్బరు చక్రం మార్చండి. పరుపులు, కర్టెన్లు, వార్నిష్, ఇవన్నీ రెండో ఏడాది పనులు. డాన్ కేసీ అనే ఆయన 1991లో ‘దిస్ ఓల్డ్ బోట్’ అని పెద్ద పుస్తకం రాశాడు, పడవ బాగుచేసేవాళ్లలో చాలామంది దగ్గర ఉంటుంది. మంచి పుస్తకం. కానీ అందులో ఉన్నవన్నీ చేయాలని కూర్చుంటే మీ పడవ కూడా ఇంకొకరికి ఉచితంగా పోతుంది.

పడవ స్టాండ్ల మీద ఉన్నన్నాళ్లూ మీరు ఒడ్డున కూర్చోకండి. డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే హబ్బర్డ్, గ్రేప్‌వైన్ సరస్సుల మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి. అమెరికా క్లబ్బుల్లో వారం మధ్యలో ఒక సాయంత్రం సరదా పందేలు పెట్టుకోవడం మామూలు. పడవ యజమానులకు తాడు పట్టే మనుషులు ఎప్పుడూ తక్కువే. వెళ్లి, నాకేమీ రాదు, చెప్పింది చేస్తాను అనండి, ఎక్కించుకుంటారు. గాలికి సూటిగా ఎదురు పోలేమని, నలభై అయిదు డిగ్రీలు పక్కకు తిరిగి వంకరలుగా పోవాలని, గాలి కుడివైపు నుంచి తగిలే పడవకు ఎడమవైపు గాలి పడవ దారివ్వాలని పుస్తకంలో చదివితే ఒక ముక్క అర్థమవుతుంది. ఇంకొకరి పడవలో తాడు పట్టుకుంటే ఒక సాయంత్రంలో అర్థమవుతుంది. పైగా మీ పడవలో ఏ తాడు ఎక్కడుంటే చేతికి అందుతుందో అక్కడే తెలుస్తుంది, అది తెలిశాక డెక్‌కు కొత్త రంధ్రాలు చేసే పని తప్పుతుంది. హైదరాబాదులో ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు ఇంత ప్రయాస అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ మీద చిన్న ఆప్టిమిస్ట్, లేజర్ పడవల్లో పిల్లలకు నేర్పుతున్నారు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పందేలు జరిగేదీ అక్కడే. ట్యాంక్‌బండ్ మీద నుంచి చూసి వెళ్లిపోకుండా దిగి అడగండి.

పనులన్నీ అయ్యాక, రంగు వెలిసిన పడవతోనే, తేలిక గాలి ఉన్న ఉదయం చూసి దిగండి. దింపగానే లోపల పలకలెత్తి అరగంట సేపు నీరు ఊరుతోందేమో చూడండి, ఊరితే ట్రైలర్ ఇంకా పక్కనే ఉంటుంది.

టెక్సస్‌లో 26 అడుగులలోపు పడవ కదులుతున్నంతసేపూ పదమూడేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని చట్టం. పెద్దవాళ్లకు జాకెట్ పడవలో ఉంటే చాలంటుంది చట్టం. మీరు మాత్రం తొడుక్కోండి. మనలో ఈత రానివాళ్లు ఎక్కువ, ఆ మాట పైకి చెప్పుకోరు కూడా. మీ ఊరి వై.ఎం.సి.ఎ.లో పెద్దవాళ్లకు కూడా ఈత తరగతులుంటాయి. పడవకు రంగు డబ్బా కొనేముందు అక్కడికి వెళ్లి పేరు రాయించుకోండి.